ఆ ట్యాంకు ఆకుపచ్చది కాదండి, ఫొటో కింద ఒక లైన్ వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం అనుబంధంలో 1940లో జర్మన్లు ఫ్రాన్స్ మీద విరుచుకుపడ్డ కథ వేశారు. కథ బాగుంది, ఆపకుండా చదివించింది, దాంతో నాకేం పేచీ లేదు. పేచీ అంతా సగం పేజీ నింపిన ఆ ఫొటోతోనే. పొలం పక్కన ఆగిన జర్మన్ పాంజర్ ట్యాంకు, ఒంటి నిండా చక్కటి ఆకుపచ్చ రంగు. అది అసలు బ్లాక్ అండ్ వైట్ ఫొటో సార్, ఎవరో కంప్యూటర్లో పడేసి కలర్ చేశారు, ఆ ముక్క మాత్రం ఫొటో కింద ఎక్కడా లేదు.

ఎనభై ఏళ్ల కిందటి ట్యాంకు ఏ రంగులో ఉంటే నీకెందుకయ్యా అంటారేమో. మాకు అదే కదండి పని. మేం స్కేల్ మోడల్స్ చేసేవాళ్లం, అంటే ప్లాస్టిక్ కిట్టు తెచ్చుకుని, ముక్కలు కత్తిరించి, అతికించి, 1/35 సైజులో అసలు బండిలాగే తయారు చేసి రంగులేస్తాం. మన దగ్గర చేసేవాళ్లు తక్కువే గానీ ఉన్నారు, హైదరాబాద్‌లో ఉన్నారు, వైజాగ్‌లో ఉన్నారు, అమెరికాలో ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు ఇదే పనిలో ఉండే మనవాళ్లూ ఉన్నారు. మా వాట్సాప్ గ్రూపులో మీ పేపర్ కటింగ్ ఆదివారం పొద్దున్నే వచ్చేసింది, మధ్యాహ్నానికల్లా ఒక కుర్రాడు దాన్ని చూసి గ్రీన్ పెయింట్ సీసా ఆర్డర్ కూడా పెట్టేశాడు. పేపర్లో వచ్చిందంటే నిజమేననుకుంటారు కదా.

అసలు సంగతేంటంటే, 1937లో వచ్చిన ఆర్డర్ ప్రకారం జర్మన్ ఆర్మీ బళ్లన్నిటికీ ముదురు బూడిద రంగు, దాని మీద మూడో వంతు దాకా ముదురు గోధుమ రంగు మచ్చలు. 1940 జులైలో పెయింట్ పొదుపు కోసమని ఆ గోధుమ రంగు ఆపేసి ఉత్త బూడిద రంగు చాలన్నారు. అంటే 1939లో పోలండ్ మీదకి వెళ్లినవీ, 1940 మే, జూన్‌లో ఫ్రాన్స్‌లో తిరిగినవీ ఈ రెండు రంగుల బళ్లే. ఆకుపచ్చ లేకపోలేదు, 1937కి ముందు మూడు రంగుల పాత స్కీములో ఉండేది, మళ్లీ 1943లో వచ్చింది. మీరు వేసింది ఫ్రెంచి వాళ్ల ట్యాంకైతే నేను ఈ ఉత్తరమే రాసేవాణ్ని కాదు, వాళ్లు ఆకుపచ్చ బాగానే వాడారు.

ఇంకో విచిత్రం ఏంటంటే, ఈ బూడిద, గోధుమ రెండూ ఎంత ముదురు రంగులంటే బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో రెండూ కలిసిపోయి ఒకటే రంగులా కనిపిస్తాయి. అందుకే యుద్ధం అయిపోయాక కూడా కొన్ని దశాబ్దాల పాటు పుస్తకాల్లో, కిట్టు డబ్బాల మీద, అంతటా ఒట్టి బూడిద రంగు అనే రాసుకున్నారు. థామస్ జెంట్జ్, హిలరీ డోయిల్ లాంటి రీసెర్చర్లు అప్పటి ఆర్డర్ల కాగితాలు తిరగేసి చెప్పాక గానీ మచ్చల సంగతి మాలాంటి వాళ్లకి ఎక్కలేదు. ఆ తర్వాత పాత ఫొటోలు భూతద్దం పెట్టి చూస్తే, అవును, కొన్నింట్లో ఒక మూల కాస్త తేడాగా మచ్చ కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఇవే ఫొటోలు చూసినవాళ్లకే అందని రంగు కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది చెప్పండి. దానికి తెలిసింది వెలుగు ఎంత, చీకటి ఎంత అన్నదే, మిగతాదంతా ఊహ. మిలిటరీ బండి, చుట్టూ గడ్డి, ఇంకేం, ఆకుపచ్చ కొట్టేయ్ అనుకుంటుంది. పైగా ఆ రోజుల్లో కొన్ని రకాల ఫిల్ముకి ఎరుపు సరిగా ఎక్కేది కాదు, ఎర్రటి వస్తువు కూడా నల్లగా పడేది, అలాంటి ఫొటో నుంచి రంగు రాబట్టడం అంటే ఇక జోస్యమే.

మరి మీరెలా కనుక్కుంటారయ్యా అంటే, మొదట కాగితాలు, తర్వాత కలర్ కార్డు. జర్మన్ల రంగులకి రాల్ అని ఒక నంబర్ల పద్ధతి ఉంది, 1927లో 40 రంగులతో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. దాని కోసం జర్మనీ వెళ్లక్కర్లేదు, కిటికీ ఫ్రేములకీ గేట్లకీ పౌడర్ కోటింగ్ చేసే షాపుకి వెళ్లి రాల్ కార్డు చూపించమంటే చూపిస్తారు. అందులో 7021 నంబర్ తీయండి, అదే ఆ బూడిద రంగు. మొదటిసారి చూసినవాళ్లు ఇది బూడిద ఏంటి నలుపు కదా అంటారు, కొత్తగా వేసిన తారు రోడ్డు లాగా ఉంటుంది. కిట్టు డబ్బాల మీద నీలం కలిపి లేతగా వేసే బొమ్మలకీ దీనికీ పొంతనే ఉండదు. 1943 ఫిబ్రవరి నుంచి వాడిన ముదురు పసుపు మాత్రం ఇప్పటి కార్డులో దొరకదు, దాని 7028 నంబరే ఇప్పుడు లేదు. దానికి మిగిలిన దారి పాత బండి మీద ఎండ తగలని చోట, పనిముట్ల క్లాంపుల కిందో లోపలి అంచులోనో బతికున్న పాత పెయింట్ చూడటమే. మ్యూజియంలో పైకి కనిపించే రంగుని నమ్మలేం, అవి ఎన్నిసార్లు పెయింట్ కొట్టించుకున్నాయో. మన ఊళ్లలో కూడా జంక్షన్ల దగ్గర దిమ్మె ఎక్కించిన పాత ట్యాంకులకి జెండా పండగ వస్తే చాలు మెరిసే ఎనామిల్ పట్టిస్తారుగా, అలాగే.

ఆ 1943 పసుపు మీద ఆకుపచ్చ, ఎర్ర గోధుమ రంగులు కొట్టుకోమని యూనిట్లకి పేస్టు డబ్బాలు ఇచ్చేవాళ్లు, దాన్ని నీళ్లతోనో పెట్రోల్‌తోనో పల్చన చేసి కొట్టుకోవాలి. యుద్ధం మధ్యలో, పెట్రోల్ కరువులో, ఎవడు ఎంత కలిపాడో ఎవడికి తెలుసు, అందుకే ఒకే దళంలో పక్కపక్కన ఉన్న రెండు ట్యాంకులు కూడా ఒకలా ఉండేవి కావు. కాబట్టి మాలో కూడా నా షేడే కరెక్టు అని కొట్టుకునేవాళ్లని నేను పెద్దగా పట్టించుకోను. ఏ రెండు పెయింట్ కంపెనీల సీసాలు తీసుకున్నా, మూత మీద పేరు ఒకటే ఉంటుంది, లోపల రంగు వేరుగా ఉంటుంది. నేనైతే ముందు వాడేసిన ప్లాస్టిక్ ఐస్‌క్రీమ్ స్పూన్ వెనక ఒక కోటు వేసి, ఆరనిచ్చి, సగానికి మెరుపు లేని మ్యాట్ వార్నిష్ కొట్టి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూస్తాను. తడిగా ఉన్నప్పటి రంగు ఆరాక ఉండదు, ట్యూబ్‌లైట్ కింద నచ్చింది పొద్దున్నే చూస్తే ఏడుపొస్తుంది.

ఇంకోటి, కార్డులో ఉన్న 7021ని ఉన్నదున్నట్టు చిన్న ట్యాంకుకి కొడితే నల్ల ముద్దలా కనిపిస్తుంది, ఏ వివరమూ కనపడదు. 1/35 మోడల్‌ని మీటరు దూరం నుంచి చూస్తే అసలు ట్యాంకుని 35 మీటర్ల దూరం నుంచి చూసినట్టు, అంత దూరంలో గాలి, దుమ్ము, ఎండ కలిసి రంగుని కాస్త లేతగా చేస్తాయి. అందుకని చాలామంది కొద్దిగా లేత రంగు కలుపుతారు, నేను తెలుపు కలపను, అది సుద్దలా అయిపోతుంది, లేత ఇసుక రంగు రెండు మూడు చుక్కలు వేస్తాను. ఓహో మీరూ మారుస్తున్నారుగా, మరి పేపర్ మీద పడతారేం అంటారా? బూడిద రంగుని లేత చేయడం వేరు, బూడిదని ఆకుపచ్చ చేయడం వేరు సార్.

మన దగ్గర బళ్ల సంగతే చూడండి. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారయ్యే సారథ్, అదే సైనికుల్ని మోసుకెళ్లే రష్యన్ డిజైన్ యుద్ధ బండి బీఎంపీ-2, దాని మోడల్ చేయాలంటే విదేశీ కిట్టు డబ్బాలో రష్యన్ రంగులే చెప్తారు, మన ఆర్మీ రంగులకి ఫొటోలే గతి. రిపబ్లిక్ డే పరేడ్ ఫొటోలు కావలసినన్ని ఉంటాయి గానీ అవి కొత్తగా రంగులేసి తుడిచి తెచ్చిన బళ్లు, రాజస్థాన్ ఇసుకలో తిరిగే బండి అలా ఉండదు. (మన రూల్స్ ప్రకారం సొంత కారుకి మిలిటరీ ఆలివ్ గ్రీన్ వేసుకోకూడదు తెలుసా, 1/35 సైజుకి మాత్రం ఆ బాధ లేదు.) రేపు ఎవరైనా 1965, 1971 యుద్ధాల బ్లాక్ అండ్ వైట్ ఫొటోలకి కూడా ఇలాగే రంగులద్ది పేపర్లో వేసేస్తే, మన సొంత బళ్ల రంగులు కూడా మనకి తెలియకుండా పోతాయి.

కలర్ చేసిన ఫొటోలు వేయొద్దని నేననట్లేదు, చూడ్డానికి బాగుంటాయి, పిల్లలు ఆగి చూస్తారు. రంగులు తర్వాత అద్దినవి అని కింద చిన్న అక్షరాల్లో ఒక లైన్, వీలైతే మూలన అసలు బ్లాక్ అండ్ వైట్ ఫొటో అగ్గిపెట్టె సైజులో, అంతే అడుగుతున్నా. పాత నాయకుల ఫొటోలకీ, ఉద్యమాల ఫొటోలకీ కూడా అదే పద్ధతి పెడితే ఇంకా మంచిది, అక్కడ జెండా రంగు, చీర రంగు తప్పుపడితే గొడవ ట్యాంకుతో ఆగదు.

ఈ ఫొటోకి సవరణ వేసేటట్టయితే మాత్రం ముదురు బూడిద, ముదురు గోధుమ అని రెండు రంగులూ వేయండి. ఒట్టి బూడిద అని వేశారంటే నేను మళ్లీ ఇంకో ఉత్తరం రాయాల్సొస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయవాడ