ఈ సీజన్‌కి మా దగ్గర సీతాఫలం ఐస్‌క్రీమ్ లేదు

హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్‌లో మా దుకాణానికి సీతాఫలం కోసమే దూరం నుంచి వచ్చేవాళ్లున్నారు. వచ్చి ఉత్తచేతులతో పోకూడదని ముందే చెబుతున్నా. ఈ ఏడాది ఇక చెయ్యట్లేదు, బోర్డు మీద ఆ పేరు తీసేశాం.

ఏళ్లుగా మాకు పాలమూరు వైపు నుంచి కాయ తెచ్చే వ్యాపారి ఈసారి పచ్చికాయ కోయించి పంపాడు. సీతాఫలం కన్ను విచ్చాకే కోయాలి. కళ్ల మధ్య సందులు వెడల్పై లేత పసుపు తేలితే రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. కన్ను విచ్చనిది పండదు, నల్లబడి గట్టిగా ఉండిపోతుంది. గంపలకు గంపలు పారబోశాం. నిలదీస్తే, డబ్బాల్లో గడ్డకట్టిన నిరుటి గుజ్జు పంపిస్తానన్నాడు. “తినేటోళ్లకు తేడా ఏం తెలుస్తదన్నా” అన్నాడు. పోయిన డబ్బు కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తాము చిన్నప్పుడు తిన్న రుచిని మనవళ్లకు చూపించడానికి వచ్చే పెద్దవాళ్లకు తేడా తెలియదా?

1935లో కట్టిన ఈ మార్కెట్‌లోనే ఒకప్పుడు పండ్ల హోల్‌సేల్ ఉండేది. మా నాన్న గంప ముందు కూర్చుని ఒక్కో కాయా చూసి ఏరుకునేవాడు. ఆ వ్యాపారం కొత్తపేటకు, అక్కణ్ణుంచి బాటసింగారానికి పోయింది. ఇప్పుడు నేను కాయను చూడకుండా మనిషిని నమ్మాలి.

తేలిగ్గా తీసుకున్న నిర్ణయం కాదిది. 2020 ఆగస్టులో మరమ్మతులు పూర్తయి మార్కెట్ మళ్లీ తెరిచాక, సాయంత్రం లైట్లలో రాతి కమానులు చూడ్డానికి కొత్త కుటుంబాలు వస్తున్నాయి. వాళ్లు మొదట అడిగేది సీతాఫలమే. ఈ ఒక్క సీజన్‌కి డబ్బా గుజ్జుతో నెట్టుకొద్దామని మా అబ్బాయి పోరు పెట్టాడు. రాత్రుళ్లు నిద్ర పట్టక, సరే చూద్దామని ఒక డబ్బా తెప్పించాం. తిన్నాక నాలుక చివర చేదు. సీతాఫలం గుజ్జుకు వేడి తగిలితే చేదెక్కుతుంది, అందుకే మేం చల్లారిన పాలలోనే కలుపుతాం. ఆ చేదును పంచదారతో కప్పి మీ చేతికివ్వలేను.

సపోటా, జామ ఎప్పటిలాగే ఉన్నాయి. ధర పెంచలేదు. పెళ్లిళ్లకు సీతాఫలం చెప్పినవాళ్లకు అడ్వాన్స్ మొత్తం తిరిగిస్తాం, వేరే రుచి తీసుకోమని బలవంతం లేదు. వచ్చే దసరా ముందు నేనే ఊళ్లకు వెళ్లి చెట్టు మీద కాయ చూసి మాట్లాడుకుంటాను. కన్ను విచ్చిన కాయ దొరికితే బోర్డు మీద పేరు రాస్తాం. దొరక్కపోతే ఆ ఏడాదీ చెయ్యం.