రక్షణ మంత్రి గారూ, మా పిల్లల రెండేళ్ళకి ఇంటర్వ్యూల్లో విలువ ఎందుకు లేదు?

సింగపూర్ రక్షణ మంత్రి శ్రీ చాన్ చున్ సింగ్ గారికి,

నమస్కారం. ఇదే సంగతి ఇంగ్లీషులో రాసి మీ ఆఫీసుకి కూడా పంపించాను. తెలుగులో ఇక్కడ పెట్టడానికి కారణం, ఈ విషయంలో మా తెలుగువాళ్ళతోనూ నాకు రెండు మాటలున్నాయి, అవి చాటుగా కాకుండా అందరి ముందూ చెప్పాలనిపించింది.

నేను ఈపీ (విదేశీ ఉద్యోగులకి ఇచ్చే ఎంప్లాయ్‌మెంట్ పాస్) మీద ఇక్కడికి వచ్చి, పీఆర్ (శాశ్వత నివాసం) తీసుకుని, తర్వాత ఇండియా పాస్‌పోర్ట్ వదులుకుని సింగపూర్ పౌరుణ్ణి అయినవాణ్ణి. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఎన్ఎస్, అంటే ఇక్కడి మగపిల్లలకి తప్పనిసరైన రెండేళ్ళ నేషనల్ సర్వీస్, పూర్తి చేసి, యూనివర్సిటీ చదివి, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ రిజర్విస్ట్‌కి, అంటే ఎన్ఎస్ తర్వాత పిలిచినప్పుడల్లా చేసే సైనిక శిక్షణకి, వెళ్ళొస్తున్నాడు. చిన్నవాడికి పదహారున్నర దాటింది, రిజిస్ట్రేషన్ అయిపోయింది, మెడికల్‌కి రమ్మని పిలుపు వచ్చింది. నేను మాత్రం ఒక్కరోజు కూడా యూనిఫాం వేసుకోలేదు. మొదటి తరం వాళ్ళని మీ చట్టం అడగదు కాబట్టి. తండ్రికి లేని బాధ్యత కొడుకు మీద పడింది, ఆ బాధ్యత మోసినందుకు ఉద్యోగాల దగ్గర వాడే వెనకబడుతున్నాడు. నా ఫిర్యాదు ఇదే.

ఆంధ్రలో, తెలంగాణలో ఉండి ఇది చదివేవాళ్ళకి కొంచెం వివరం కావాలి. మన దగ్గర సైన్యం అంటే ఇష్టపడి చేరే ఉద్యోగం. తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు, తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని ఇచ్చిన ఊరు, ఇప్పటికీ అక్కడి కుర్రాళ్ళు గర్వంగానే వెళ్తారు. సింగపూర్‌లో ఇష్టాయిష్టాలతో పని లేదు. 1965లో విడి దేశం అయ్యింది, చుట్టూ పెద్ద దేశాలు, చేతిలో చెప్పుకోదగ్గ సైన్యం లేదు, ఉన్న బ్రిటిష్ బలగాలు వెళ్ళిపోయే రోజులు దగ్గరపడ్డాయి. అప్పుడు గో కెంగ్ స్వీ గారు రక్షణ మంత్రిగా ఉండగా 1967లో ఎన్ఎస్ చట్టం తెచ్చారు. 18 ఏళ్ళు నిండిన ప్రతి మగపిల్లాడూ, పౌరుడైనా, అమ్మానాన్నల వల్ల పీఆర్ వచ్చినవాడైనా, రెండేళ్ళు పూర్తిగా సైన్యంలోనో పోలీసులోనో సివిల్ డిఫెన్స్‌లోనో పని చెయ్యాలి. అది అయ్యాక పది సైకిళ్ళ, అంటే పది విడతల, రిజర్విస్ట్ ఉంటుంది, ఏడాదికి 40 రోజుల దాకా పిలవొచ్చు. మామూలు సైనికులకి 40 ఏళ్ళు, ఆఫీసర్లకి 50 ఏళ్ళు వచ్చేదాకా ఈ బాధ్యత ఉంటుంది. ఎగ్గొడితే పదివేల డాలర్ల దాకా జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, కావాలంటే రెండూ.

నేను దీనికి వ్యతిరేకిని కాను మంత్రి గారూ, ఆ మాట ముందే చెప్తున్నా. పెద్దవాడు టెకాంగ్ ద్వీపంలో బేసిక్ ట్రైనింగ్ పూర్తి చేసి, చివర్లో 24 కిలోమీటర్ల రూట్ మార్చ్ నడిచి, పరేడ్‌లో టోపీ గాల్లోకి ఎగరేసినప్పుడు వాళ్ళమ్మా నేనూ ఇద్దరం ఏడ్చాం. ఇక్కడి స్కూళ్ళలో తెలుగు సబ్జెక్టుగా ఉండదు, మా వాడు హిందీ తీసుకుని చదివాడు, స్నేహితులంతా మా లాంటి కుటుంబాల పిల్లలే. అలాంటివాడు ఒకే బంక్‌లో చైనీస్, మలయ్, తమిళ పిల్లలతో, టాక్సీ తోలేవాళ్ళ కొడుకులతో, లాయర్ల కొడుకులతో కలిసి పడుకున్నాడు, మలయ్ భాషలో డ్రిల్ కమాండ్లు నేర్చుకున్నాడు. ఈ దేశం నాది అని వాడు అనుకోవడం అక్కడే మొదలైంది. నాకు పాస్‌పోర్ట్ చేతికొచ్చిన రోజు కూడా అంత గట్టిగా అనిపించలేదు.

భయం లేదని కూడా అనను. 2019 జనవరిలో న్యూజిలాండ్‌లో రిజర్విస్ట్ శిక్షణలో గాయపడి నటుడు అలోషియస్ పాంగ్ చనిపోయినప్పుడు ఈ దేశంలో కొడుకులున్న ప్రతి ఇంట్లోనూ ఆ రాత్రి నిద్ర లేదు. ఈ బాధ్యత ఏడాదికి కొన్ని రోజుల సెలవు పెట్టడంతో పోయేది కాదని చెప్పడానికే ఇది గుర్తుచేస్తున్నాను. మీరు స్వయంగా ఆర్మీ చీఫ్‌గా పనిచేసినవారు, ఇది నాకంటే మీకే బాగా తెలుసు.

ఇప్పుడు ఉద్యోగాల సంగతి. హైదరాబాద్‌లో ఒక కుర్రాడికి 21కో 22కో బీటెక్ అయిపోతుంది. మూడేళ్ళు గచ్చిబౌలిలో పనిచేసి, 25కి ఈపీ మీద సింగపూర్‌లో దిగుతాడు, చేతిలో మూడేళ్ళ అనుభవం ఉంటుంది. మా వాడు 18కి జూనియర్ కాలేజీ ముగించి, ఎన్ఎస్ చేసి, నాలుగేళ్ళ డిగ్రీ చదివి బయటికొచ్చేసరికి అదే 25. ఇద్దరూ ఒకే ఉద్యోగానికి వెళ్తారు. ఒకడి రెజ్యూమేలో మూడేళ్ళ పని ఉంది, ఇంకొకడి రెజ్యూమేలో ఉన్న రెండేళ్ళని హెచ్ఆర్ వాళ్ళు ఖాళీగా లెక్కేస్తారు. పైగా మా వాణ్ణి పెట్టుకుంటే ప్రాజెక్ట్ మధ్యలో ఐసీటీ (రిజర్విస్ట్ క్యాంపు శిక్షణ) అని వెళ్ళిపోతాడు, ఇంకొకడు వెళ్ళడు. ఇందులో హైదరాబాద్ కుర్రాడి తప్పు ఏమీ లేదు, ఒకప్పుడు ఆ కుర్రాణ్ణి నేనే. కానీ ఇంటికి రాత్రంతా కాపలా కాసిన కొడుక్కి తెల్లారి అందరికంటే ఆఖర్న అన్నం పెడితే ఎలా ఉంటుందో ఈ పిల్లలకి అలా ఉంది.

మా వాణ్ణి ఒక ఇంటర్వ్యూలో సూటిగా అడిగారు, ఇంకా ఎన్ని సైకిళ్ళు మిగిలాయి అని. కంపెనీ పేరు నాకు అనవసరం. వాడు నిజం చెప్పాడు. ఉద్యోగం రాలేదు. ఆ ఒక్క జవాబు వల్లే రాలేదని నేను రుజువు చెయ్యలేను, అసలు ఎవరూ రుజువు చెయ్యలేరు, అదే ఇక్కడి సమస్య. ఎన్ఎస్ పిలుపు వల్ల ఉన్న ఉద్యోగం తీసేస్తే నేరం అని చట్టం ఉంది, మంచిదే. ఐసీటీ రోజుల జీతం ప్రభుత్వం భరిస్తుంది, అదీ మంచిదే. కానీ ఉద్యోగం ఇవ్వకముందే పక్కన పెడితే? 2025 జనవరిలో పార్లమెంటు ఆమోదించిన వర్క్‌ప్లేస్ ఫెయిర్‌నెస్ చట్టంలో వయసు, జాతీయత, మతం, గర్భం, వైకల్యం లాంటివి అన్నీ రాశారు. వీటిని చూసి వివక్ష చూపకూడదన్నారు. రిజర్విస్ట్ బాధ్యతని మాత్రం ఆ జాబితాలో విడిగా చేర్చలేదు. దేశం కోసం చట్ట ప్రకారం చేసే ఒకే ఒక్క పని, దానికి ఆ జాబితాలో చోటు దొరకలేదా?

ఈ కోపం అంతా చివరికి ఎవరి మీదికి వెళ్తోందో మీకు తెలుసు. 2005లో భారత్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందం సీకా, ఇప్పుడు ఇండియన్ మొహం కనిపిస్తే తిట్టడానికి వాడే మాట అయిపోయింది. ఆ ఒప్పందంలో ఎవరికీ పీఆర్ గానీ పౌరసత్వం గానీ దానంతట అదే రాదు, 2021 జులైలో మీ ప్రభుత్వమే పార్లమెంటులో గంటల తరబడి ఇది వివరించింది. అదే చర్చలో ఈపీ ఉన్నవాళ్ళలో భారతీయులు 2005లో 14 శాతం, 2020కి 25 శాతం అయ్యారని కూడా చెప్పింది. రెండూ నిజాలే, జనం రెండోదే గుర్తుపెట్టుకున్నారు. అంతకు రెండు నెలల ముందే చోవా చూ కాంగ్‌లో నడుచుకుంటూ వెళ్తున్న ఒక భారత సంతతి మహిళని తిట్టి, తన్నారు. ఆవిడ సింగపూర్ పౌరురాలే. మా పెద్దవాడు ఎన్ఎస్‌లో ఉన్నప్పుడు ఆదివారం సాయంత్రం బుక్ ఇన్‌కి, అంటే తిరిగి క్యాంపుకి, వెళ్తుంటే ట్రైన్‌లో ఒకాయన వినపడేలా సీకా అన్నాడట. వాడి ఒంటి మీద ఈ దేశపు యూనిఫాం ఉంది. ఇంటికొచ్చి వాడు నన్ను అడిగింది ఆ మనిషి గురించి కాదు. "నాన్నా, నువ్వెందుకు చెయ్యలేదు?" అని అడిగాడు. చట్టం అడగలేదురా అన్నాను. ఇంకేం చెప్పను?

మీ ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనడం లేదు. ఈపీకి కనీస జీతం 2025 నుంచి 5,600 డాలర్లకి పెంచారు, 2023 సెప్టెంబర్ నుంచి ఈపీ ఇవ్వడానికి కంపాస్ అని పాయింట్ల పద్ధతి పెట్టారు. కానీ కంపాస్‌ని దగ్గర్నుంచి చూడండి. కంపెనీలో స్థానికులు ఎంతమంది ఉన్నారో చూసి పాయింట్లు ఇస్తారు, స్థానికులంటే పౌరులూ పీఆర్‌లూ కలిపి. అంటే నేను పీఆర్‌గా ఉన్న రోజుల్లాంటి స్థితిలో ఉన్నవాడు, రిజర్విస్ట్ లేనివాడు, కంపెనీకి స్థానికుడిగానే లెక్కకొస్తాడు. ఐసీటీ గొడవ లేని స్థానికుడు దొరుకుతుంటే ఏ మేనేజర్ అయినా ఎవర్ని తీసుకుంటాడు? విదేశీయుల వైపు వేలు చూపించేవాళ్ళు ఈ సంగతి గమనించరు. మా పిల్లలకి పోటీ బయటినుంచి వచ్చినవాళ్ళతోనే కాదు, వాళ్ళ సొంత నాన్నలతో కూడా ఉంది.

కంపాస్ మానవ వనరుల శాఖ టాన్ సీ లెంగ్ గారి పరిధి అని తెలుసు. అయినా మీకే రాస్తున్నాను, ఎందుకంటే పిల్లల్ని పిలిచే ఉత్తరం మీ శాఖ నుంచి వస్తుంది. పిలిచినవాళ్ళే వెనక నిలబడాలి.

నేను అడిగేవి పెద్దవేమీ కావు. కంపాస్‌లో స్థానికుల లెక్క తీసేటప్పుడు, రిజర్విస్ట్ బాధ్యత మోస్తున్నవాళ్ళకి విడిగా పాయింట్లు ఇవ్వండి, అప్పుడు ఐసీటీకి వెళ్ళే కుర్రాణ్ణి పెట్టుకోవడం కంపెనీకి లాభం అవుతుంది. ఇంటర్వ్యూలో సైకిళ్ళ గురించి అడగడాన్ని చట్టంలోనే ఆపండి. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఎన్ఎస్ కాలాన్ని మొదటి జీతంలో లెక్కేస్తున్నారు కదా, ఈపీలు తీసుకునే ప్రతి కంపెనీకీ అదే షరతు పెట్టండి. మధ్యస్థాయి ఉద్యోగుల ఎస్ పాస్‌కీ, కార్మికుల వర్క్ పర్మిట్‌కీ లెవీ (కంపెనీ ప్రభుత్వానికి కట్టే రుసుము) ఉంది, ఈపీకి లేదు. ఎంతో కొంత పెట్టి, ఆ డబ్బుని ఓఆర్డీ అయిన, అంటే ఎన్ఎస్ ముగించుకుని బయటికొచ్చిన, పిల్లల చదువుకో శిక్షణకో వాడండి. ఎన్ఎస్ చేసినవాళ్ళకి 2024లో 200 డాలర్ల క్రెడిట్లు ఇచ్చారు, మా వాడు సంతోషించాడు, దాంతో రన్నింగ్ షూస్ కొనుక్కున్నాడు. రిక్రూట్‌గా నెలకి 800 డాలర్ల లోపు అలవెన్స్ మీద బతికిన పిల్లాడు అంతకంటే పెద్ద ఆశ పెట్టుకోలేదు. వాడి తరఫున నేను పెట్టుకుంటున్నాను.

ఇక మమ్మల్ని, అంటే మొదటి తరాన్ని, పిలవండి. 2013లో వేసిన కమిటీ మాట మీద ఎస్ఏఎఫ్ (సింగపూర్ సైన్యం) వాలంటీర్ కోర్ పుట్టింది, ఆడవాళ్ళకీ, కొత్త పౌరులకీ, మొదటి తరం పీఆర్‌లకీ. మంచి ఆలోచన, కానీ స్వచ్ఛందం కాబట్టి అందులో చేరేవాళ్ళు కొద్దిమందే. కొత్తగా పౌరసత్వం తీసుకునేవాళ్ళకి, ఒంట్లో ఓపిక ఉన్నంతవరకు, ఏడాదికి కొన్ని రోజులు తప్పనిసరి చెయ్యండి. నా వయసువాడికి తుపాకీ ఇవ్వక్కర్లేదు. 2020 మొదట్లో ప్రతి ఇంటికీ పంచిన మాస్కుల్ని రాత్రింబగళ్ళు కూర్చుని ప్యాక్ చేసింది సైనికులే, ఆ పని మేం చెయ్యలేమా? సివిల్ డిఫెన్స్‌లో ఫస్ట్ ఎయిడ్ నేర్పండి, ఆసుపత్రుల్లో, క్యాంపుల వంటశాలల్లో పెట్టండి. సుమారు 61 లక్షల జనాభాలో పౌరులు 37 లక్షల లోపే, పుట్టే పిల్లలు తగ్గిపోతున్నారు, రేపు మీకు మనుషులు కావాలి. మేమున్నాం.

మా తెలుగువాళ్ళకి ఒక మాట. ప్రతి ఏడాదీ వాట్సాప్ గ్రూపుల్లో అదే చర్చ, పిల్లాడికి పీఆర్ తీసుకోవాలా, తీసుకున్నది వదిలించాలా, అమ్మ ఆస్ట్రేలియాకి తీసుకెళ్తే సరిపోతుందా, రెండేళ్ళు వేస్టేనా. ఎవరి కుటుంబం నిర్ణయం వాళ్ళది, తప్పుపట్టను. కానీ స్కూలూ, ఆసుపత్రీ, రాత్రి పన్నెండింటికి ఆడపిల్ల ధైర్యంగా నడిచే రోడ్డూ అన్నీ వాడుకుని, పిల్లాడి వంతు వచ్చేసరికి సర్దుకునేవాళ్ళని చూసే పక్క ఫ్లాట్ చైనీస్ తల్లికి మన మీద కోపం వస్తుంది. ఆవిడ కొడుకు టెకాంగ్‌లో బురదలో పాకుతున్నాడు. ఆ కోపాన్ని జాతి ద్వేషం అని కొట్టిపారేస్తే మనకే నష్టం. అలాగే పిల్లాడి ముందు ఎన్ఎస్‌ని వేస్ట్ అని తిట్టడం దయచేసి ఆపండి. వాడు ఎలాగూ వెళ్ళాలి, ఆ మాట మోసుకుంటూ వెళ్ళడం వాడికి ఇంకా కష్టం.

మంత్రి గారూ, బడ్జెట్ తర్వాత మీ శాఖ పద్దు మీద పార్లమెంటులో చర్చ జరుగుతుంది. కంపాస్‌లో రిజర్విస్ట్‌కి పాయింట్లు, ఇంటర్వ్యూ ప్రశ్న మీద నిషేధం, మొదటి తరానికి తప్పనిసరి సేవ, ఈ మూడింటి మీద మీ శాఖ ఏమనుకుంటోందో ఆ రోజు సభలో చెప్పండి. కుదరదంటే ఎందుకు కుదరదో అయినా చెప్పండి. మా ఏరియా ఎంపీ గారి దగ్గరికి కూడా ఈ కాపీ పట్టుకుని వెళ్తున్నాను, ఆయన్ని సభలో అడగమంటాను.

చిన్నవాడి మెడికల్ వచ్చే నెల. వాణ్ణి నేనే తీసుకెళ్తాను.

ఇట్లు,
ఇద్దరు ఎన్ఎస్ కొడుకుల తండ్రి,
సింగపూర్