తిరగరాసిన ప్రతికీ మార్కులుండాలి

సంపాదకులకు నమస్కారం.

1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ నాటకాన్ని గురజాడ అప్పారావు అంతటితో వదిలేయక, 5 అంకాల రచనను 7 అంకాలకు పెంచి, దాదాపు కొత్త నాటకమే అనిపించేలా తిరగరాసి 1909లో మళ్లీ ప్రచురించారు. నేడు మనం చదువుతున్నది ఆ రెండో కూర్పునే. ఆయన గొప్పతనాన్ని తరగతిలో చెప్పే మనం, పిల్లల వ్యాసాన్ని మాత్రం ఎర్ర సిరాతో దిద్ది, మార్కులు వేసి అక్కడితో ముగిస్తున్నాం. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయి చేత తన వ్యాసాన్నే పైకి చదివించాను. ఒకే వాక్యంలో మూడో ‘కాబట్టి’ వచ్చేసరికి తనే ఆగి, నవ్వి, రెండింటిని కొట్టేసింది. నేను పెన్ను మూతైనా తీయలేదు. వ్యాసరచన మార్కుల్లో కొన్నింటిని తిరగరాసిన ప్రతికి కేటాయించాలని విద్యాశాఖను కోరుతున్నాను.

- విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, విజయనగరం