మా అత్తగారిని మెట్లు దింపిన బాబుకి

బరంపురంలో మా అపార్ట్‌మెంట్ మీటర్ల గదికి నిప్పంటుకున్న రాత్రి, ఆరో అంతస్తు నుంచి మా అత్తగారిని కిందికి దింపావు బాబూ. హడావుడిలో నీ పేరైనా అడగలేకపోయాం. నీకు వేల దండాలు.

అలారం మోగినా ఎవరూ వెంటనే కదల్లేదు. తలుపులు తీసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కొందరు బంగారం, కాగితాలు వెతుక్కున్నారు. చాలామంది లిఫ్ట్ దగ్గరే గుమిగూడారు. "కరెంటు పోతే అందులోనే ఇరుక్కుంటారు, మెట్లు దిగండి" అని నువ్వు తెలుగులోనూ ఒడియాలోనూ అరిచాకే జనం కదిలారు.

అత్తగారి ముక్కుకి తడి తువ్వాలు అడ్డుపెట్టి, వంగి నడిపించావు. దిగుతూనే ప్రతి అంతస్తులో మెట్ల తలుపు మూయించావు. ఇది చాలామందికి తట్టదు. అగ్నిప్రమాదాల్లో మంటకన్నా పొగే ఎక్కువ ప్రాణాలు తీస్తుంది, మూసిన తలుపు ఆ పొగని ఆపుతుంది. 2017లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఎత్తైన అపార్ట్‌మెంట్‌కి నిప్పంటుకుని 72 మంది చనిపోయారు, అక్కడ దిగడానికి ఉన్నది ఒక్క మెట్లదారే. మాదీ అంతే.

నువ్వు కాలితో నెట్టేసిన చెప్పుల స్టాండ్లు, పాత సైకిళ్లు ఇప్పుడు మెట్ల మీద లేవు, అన్నీ తీయించేశాం. ఒకసారి ఇంటికి రా నాయనా, అత్తగారు నిన్ను చూడాలంటున్నారు.