బోరులో సగం వాటా అంటే ఏమిటి?

సంపాదకులకు,

అనుమతి లేని బోర్లపై కఠిన చర్యలంటూ అధికారుల హెచ్చరిక పోయిన వారం మీ జిల్లా పేజీలో చూసి నవ్వొచ్చింది. ఆ రాత్రే మా ఊరి చివర రిగ్గు బండి తెల్లారేదాకా మోగింది. అప్పుడే రాద్దామనుకున్నా గానీ తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడంతోనే సరిపోయింది.

పదకొండేళ్ల కిందట నేను మూడెకరాల చీనీ తోట కొన్నాను. అమ్మినాయనా, ఆయన తమ్ముడూ భాగాలు పంచుకున్నప్పుడు బోరు తమ్ముడి చేలోకి పోయింది. అందులో సగం వాటా, దినం మార్చి దినం నీళ్లు, మోటారు రిపేరు చెరిసగం అని వాళ్ల పంపకాల కాగితంలోనూ ఉంది, నా దస్తావేజులోనూ ఉంది. మొన్న ఎండాకాలం ఆ బోరు ఎండిపోయింది. తమ్ముడు పది గజాల అవతల కొత్తది వేయించాడు, నీళ్లు పడ్డాయి. నా వంతు అడిగితే "నీ వాటా పాత బోరులో కదన్నా" అంటున్నాడు. ఆ పాత కేసింగ్ పైపు మీద ఇప్పుడొక బండరాయి ఉంది. అందులో సగం నాదే అనుకోవాలి! గట్టుకు అవతల డ్రిప్పు కింద ఆయన చెట్లు నిగనిగలాడుతుంటే ఇవతల నావి ఆకు ముడుచుకున్నాయి.

వకీలునడిగితే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, అంటే పక్కవాడి నేల మీద మనకుండే వాడకపు హక్కుల చట్టం, తీశారు. నేల కింద కాలువ కట్టి పారని నీటిని ఆ నేల గలవాడు తోడుకోవచ్చట. కపిలలు తోలే కాలంలో రాసిన మాట అది. 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) వచ్చి, తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల బావి తవ్వొద్దంది, రిగ్గులు రిజిస్టరు చేయించాలంది. సంతోషం. వాటా సంగతి అడిగితే మాత్రం అధికారులు "సివిల్ మ్యాటర్, కోర్టుకు పోండి" అంటారు. ఆ కోర్టులైనా ఒక్కమాట మీద ఉన్నాయా? కేరళలో కోకాకోలా ఫ్యాక్టరీ నీళ్లు తోడడం మీద నడిచిన ప్లాచిమడ కేసులో 2003లో హైకోర్టు జడ్జి ఒకరు భూగర్భజలం ప్రజల ఆస్తి అన్నారు, 2005లో అదే హైకోర్టు ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచి భూమి గలవాడు తగుమాత్రం తోడుకోవచ్చంది.

కరెంటోళ్లేమో సర్వీసు ఆయన పేరు మీదే ఉంది పొమ్మన్నారు. స్టేషన్‌లో పెద్దమనుషుల్లో కూర్చోమన్నారు. పాసుపుస్తకం అట్ట మీద బొమ్మలు మార్చడానికున్న తీరిక, లోపల నీళ్ల హక్కు అని ఒక గడి గీయడానికి ఎవరికీ లేదు.

మా వైపు ఇలాంటి దస్తావేజులు ఇంటికొకటి ఉంటాయి. సగం వాటా అని రాసి ఫీజు కట్టించుకునేటప్పుడే, అది ఫలానా పైపులోనా, కింది నీటిలోనా అని రిజిస్ట్రేషన్ శాఖ తేల్చి రాయించాలి. నాకైతే ఈలోపు ట్యాంకరు బాడుగ కట్టక తప్పడం లేదు.

— ఒక చీనీ రైతు, అనంతపురం జిల్లా