ఉత్సవ వార్తల్లో మల్లారి వేళ కూడా వేయండి

సంపాదకులకు,

మార్గళి (డిసెంబరు-జనవరి నడుమ వచ్చే తమిళ నెల) దగ్గరపడగానే మీ పత్రికలో సంగీత సభల కచేరీ పట్టికలు వస్తాయి. వాటిని చూసి కచేరీకి వెళ్లిన కుర్రకారులో చాలామంది నిద్రొచ్చిందని తిరిగొస్తున్నారు. రక్తం ఉరకలెత్తించే శాస్త్రీయ సంగీతం చెన్నైలో కావలసినంత ఉంది. ఎక్కడ, ఏ వేళకు వెళ్లాలో చెప్పేవారే తక్కువ.

మొదట వినవలసింది గాత్రం కాదు, నాదస్వరం. అదీ హాల్లో కాదు, గుడిలో. ఉత్సవమూర్తిని భుజాలకెత్తుకుని బయటికి తెచ్చేటప్పుడు గంభీరనాట రాగంలో మల్లారి అనే నాదస్వర రచన వాయిస్తారు. ముందు డోలు ఒక్కటే మోగుతుంది, తర్వాత నాదస్వరం అందుకుంటుంది. సాహిత్యం ఉండదు. ఒకే స్వరాల వరుసను విళంబంలో (నెమ్మది నడకలో), రెట్టింపులో, నాలుగింతల్లో, తిశ్రంలో (మూడేసి లెక్కలో) కూడా వాయిస్తారు. కింద తాళం నడక మారదు, పైన లెక్క మాత్రం బిగుస్తూ పోతుంది. ఒళ్లు గగుర్పొడిచేది అందుకే. మైలాపూరు కపాలీశ్వరాలయం పంగుని (మార్చి-ఏప్రిల్ నడుమ వచ్చే తమిళ నెల) ఉత్సవంలో మూడోనాటి వేకువన అధికారనంది వాహనం, ఏడోనాడు తేరు. ఈ రెండూ వదులుకోకూడనివి. స్వామి వీధిలోకి వచ్చాక చేరితే మల్లారి దాటిపోతుంది కాబట్టి అరగంట ముందే లోపల ఉండాలి. మేళానికి ఆనుకుని నిలబడితే డోలు దెబ్బ తప్ప మరేమీ తెలియదు. ముప్పై, నలభై అడుగుల ఎడం ఉంటే డోలు, నాదస్వరం రెండూ కలిసి వినిపిస్తాయి.

రికార్డింగులు వినాలంటే షేక్ చినమౌలానా గారితో మొదలుపెట్టవచ్చు. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ మహా విద్వాంసుడాయన. చెన్నై మ్యూజిక్ అకాడమీ 1998లో ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఆయన పేరు మన పిల్లలకు తెలియకపోవడం నిజంగా బాధాకరం. ఫోన్ స్పీకరులో మాత్రం వినకండి. డోలుకు కర్రతో కొట్టే వైపు గంభీర నాదం అందులో పలకదు, తొడుగులు వేసిన వేళ్ల టకటక ఒక్కటే మిగులుతుంది. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, సౌండు తగ్గించి మొదలుపెట్టాలి.

ఇక సభల సంగతి. రెండున్నర గంటల కచేరీలో ఉద్వేగమంతా ప్రధాన కీర్తన వెంట వచ్చే తని ఆవర్తనంలో, అంటే మృదంగం వంటి లయవాద్యాలు మాత్రమే వాయించే భాగంలో, పోగుపడుతుంది. సరిగ్గా అప్పుడే సగం హాలు లేచి కాంటీన్ దారి పడుతుంది! కూర్చుని చేత్తో తాళం వేస్తే విషయం అర్థమవుతుంది. ఆది తాళమైతే ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన దెబ్బ, విసురు, దెబ్బ, విసురు, మొత్తం ఎనిమిది క్రియలు. మృదంగం ఐదు మాత్రల 'తదిగిణతొం' మూడుసార్లు వేస్తే పదిహేను. అది ఎనిమిది లెక్కతో సరిగ్గా కలవదు. ముక్క ఒకవైపు, తాళం ఒకవైపు లాగుతాయి. చివరి కోర్వను (లెక్క కట్టిన ముగింపు జతుల వరుసను) మూడుసార్లు వాయించి కీర్తన ఎత్తుగడ మీద దించేసరికి ఆ బిగువంతా ఒక్కసారిగా విడుతుంది. తాళం వేయనివారికి ఇది వట్టి చప్పుడుగానే మిగులుతుంది.

కీర్తనల్లో అఠాణా రాగం ముందు వెతకాలి. తారషడ్జం (పై స్థాయి 'స') చుట్టూ తిరిగే పొట్టి, సూటి సంచారాలు దానికి వీరరసాన్నిస్తాయి. త్యాగరాజస్వామి 'ఏల నీ దయరాదు' వినండి. చాలామంది పల్లవితో కాక దాని తర్వాతి భాగమైన అనుపల్లవితో ఎత్తుకుంటారు కనుక అది 'బాలకనకమయ' పేరుతోనూ దొరుకుతుంది. నాట రాగంలో 'జగదానందకారక', కదనకుతూహల రాగంలో పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ 'రఘువంశసుధాంబుధి' తర్వాత వినవచ్చు. ఈ చివరిదాన్ని మితిమీరిన వేగంతో పరుగెత్తిస్తే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి పస పోతుంది. ప్రతి స్వరం విడివిడిగా వినిపించే రికార్డింగునే ఎంచుకోవాలి. నాటకమే కావాలనుకునేవారు నరసింహ జయంతికి తంజావూరు దగ్గరి మెలట్టూరు వెళ్లాలి. మెలట్టూరు వెంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాద చరిత్రాన్ని అక్కడ భాగవత మేళంగా (పాట, నృత్యం కలిసిన నాటకంగా) రాత్రివేళ తెలుగులోనే ఆడతారు.

మీకు మా విన్నపం ఒకటే. గుడి ఉత్సవాల వార్త వేసేటప్పుడు ఏ వాహనమో రాసి ఊరుకోకుండా, స్వామి బయలుదేరే వేళ, మేళం వాయించే విద్వాంసుల పేర్లు కూడా ముందురోజే ప్రచురించండి. సభల పట్టికలో గాయకుల పేరు పక్కన మృదంగం, ఘటం, కంజీర వాయించేవారి పేర్లకూ చోటివ్వండి.

— కొందరు సంగీతాభిమానులు,
మైలాపూరు, చెన్నై