34కి 34 ఇచ్చాం, మరి అడిగేవాళ్లెవరండీ?

శ్రీ నిమ్మల రామానాయుడు గారికి,
జలవనరుల శాఖ మంత్రి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం

అయ్యా, నమస్కారం.

మాది పశ్చిమ డెల్టాలో శివారు ఊరు. సొంతం ఎకరంన్నర, కౌలు నాలుగున్నర. మొంథా తుపానుకి పడిపోయిన చేను కోయించి, తడిసిన ధాన్యం రోడ్డు మీద ఆరబోసుకుని కాపలా కూర్చున్న రాత్రుల్లో ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇప్పుడు రెండో పంట దాళ్వాకి నారుమడి పచ్చబడింది. ఇన్నాళ్లు ఎందుకు నానబెట్టానంటే, రాయాలా వద్దా అన్న టెన్షనే.

మా గోదావరి జిల్లాల 34 సీట్లూ మీ కూటమికే ఇచ్చాం, చేలో నీరు బయటికి పోయే డ్రెయిన్ మూసుకుపోతే మాత్రం అడిగేవాళ్లు లేరు, అదీ నా గోడు. ఊరి పేరు, డ్రెయిన్ పేరు రాయడం లేదు. రాస్తే ఏమవుతుందో మీకూ తెలుసు. పైనుంచి ఫోన్ వస్తుంది, కింద కాలువ కాపలా చూసే ఒక లస్కర్‌కో చిన్న ఉద్యోగికో మెమో పడుతుంది, డ్రెయిన్ మాత్రం అలాగే ఉంటుంది. డెల్టాలో ఏ శివారు ఊరు పేరు పెట్టుకుని చదువుకున్నా సరిపోతుందండి.

2024 మే 13 మీకు గుర్తుండే ఉంటుంది. మా బూత్ ఎలిమెంటరీ స్కూల్లో. ఉదయం ఏడింటికి వెళ్తే నా ముందు అరవై మంది. హైదరాబాద్ నుంచి బస్సుల్లో సీట్లు దొరక్క మా తమ్ముడి కొడుకు ఇంకో నలుగురితో కలిసి డీజిల్ డబ్బులు పంచుకుని కారులో వచ్చాడు. రాత్రంతా ప్రయాణం. ఓటేసి, మామిడికాయ పప్పుతో అన్నం తిని, రెండు గంటలు పడుకుని, మళ్లీ బయల్దేరిపోయాడు. మా మేనత్తకి ఆ నెల పింఛను ఇంటికి రాలేదు, బ్యాంకులో వేశారు. మూడు కిలోమీటర్లు ఆటోలో వెళ్లి, చెట్టు కింద కూర్చుని, సర్వర్ లేదంటే వెనక్కొచ్చి, మర్నాడు మళ్లీ వెళ్లింది. ఓటేసి బయటికొచ్చాక ఎవరో పలకరిస్తే, "ఆయ్, ఈసారి బటన్ గట్టిగానే నొక్కానండి" అంది. ఏ బటనో చెప్పలేదు. రాష్ట్రం మొత్తం మీద 81 శాతం పైగా ఓట్లు పడ్డాయంటే ఇలాంటి వాళ్లు వెళ్లి నిలబడబట్టే.

జూన్ 4న మా ఊళ్లో పొలం పనికి ఒక్కడూ పోలేదు. పందేల సంగతి మీకు చెప్పక్కర్లేదు, మన జిల్లాల్లో కోళ్లకి సంక్రాంతి ఒక్కటే సీజన్, నాయకులకి ఐదేళ్లకోసారి. మా వీధిలో ఒకాయన మోటార్ సైకిలు పందెం కాశాడు. పదకొండింటికే టీ కొట్టు దగ్గర తాళం చెవి బల్ల మీద పెట్టేసి నడుచుకుంటూ ఇంటికెళ్లిపోయాడు. సాయంత్రానికి లెక్క తేలింది. 175లో తెలుగుదేశం 135, జనసేన 21, బీజేపీ 8. వైసీపీకి 11. ఉమ్మడి తూర్పు గోదావరిలో 19కి 19, పశ్చిమ గోదావరిలో 15కి 15, కలిపి 34కి 34 కూటమికే.

గోదావరి జిల్లాలు ఎటు మొగ్గితే అటే సర్కారు అని మా పెద్దవాళ్ల మాట. మొగ్గడం కూడా మామూలుగా మొగ్గం లెండి. 2014లో పశ్చిమ గోదావరిలో 15కి 15 మీకూ బీజేపీకే ఇచ్చాం. 2019కి వచ్చేసరికి అదే జిల్లాలో 13 వైసీపీకి పోయాయి. మీకు మిగిలినవి రెండే, పాలకొల్లు, ఉండి. అంటే మీరూ, అప్పటి ఉండి ఎమ్మెల్యే గారూ. రాష్ట్రంలో 151 మంది ఎదురుగా కూర్చున్న సభలో మీ పార్టీ మొత్తం 23 మంది. 2020 శీతాకాల సమావేశాల్లో పంట నష్టం మీద జరిగిన గొడవలో మీ పార్టీ వాళ్లని సస్పెండ్ చేసి బయటికి పంపితే మేం ఇక్కడ టీవీలో చూశాం. మా ఊళ్లో మీ పార్టీ కాని వాళ్లు కూడా ఆ రోజు ఒక మాట అనుకున్నారు, "పోనీలే, అడిగేవాడైనా ఉన్నాడు" అని.

ఈ ఉత్తరం మీకే ఎందుకు రాస్తున్నానంటే అందుకే. జలవనరుల మంత్రి కాబట్టి కొంత. జిల్లా మొత్తానికి ఇద్దరే మిగిలినప్పుడు ఆ ఇద్దరిలో ఒకరై కూర్చున్నారు కాబట్టి ఎక్కువ.

ఎన్నికల్లో చెప్పినవి ఏమీ చేయలేదని నేను అనను. పింఛను నాలుగు వేలు చేశారు, 2024 జులై 1న మా మేనత్త చేతిలో బకాయితో కలిపి ఏడు వేలు పెట్టారు. భూములకి భయపెట్టిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం రద్దు చేశారు. పాత ప్రభుత్వం పెట్టిపోయిన ధాన్యం బకాయిలు 1,674 కోట్లు తీర్చారు, అందులో నాది కూడా ఉంది, కళ్లకద్దుకున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పూడ్చేటప్పుడు మీరు గట్టు మీదే ఉండి పని చేయించడం చూశాం. ఇవి కాదండి నా బాధ.

2024 జులైలో వానలు పడ్డాయి కదా. అప్పటికి నేను ఊడ్పులు పూర్తి చేసి పన్నెండు రోజులు. కౌలు చేను డ్రెయిన్ పక్కనే, పల్లం. మొదటి రోజు నారు కొసలు కనపడ్డాయి. రెండో రోజుకి అవీ లేవు. వాన ఆగిపోయింది, ఎండ కూడా కాసింది, నీళ్లు మాత్రం దిగవు. వంతెన దగ్గరికి వెళ్లి చూస్తే గుర్రపు డెక్క ఎంత దట్టంగా అల్లుకుందంటే దాని మీద కొంగలు నడుస్తున్నాయి. మూడు ఖానాల్లో రెండు పూర్తిగా మూసుకుపోయాయి. ఆరో రోజు చేలో మట్టి కనపడింది. మొక్క పట్టుకుని లాగితే వేరు రాలేదు, ఆకు జావలా చేతికి అంటుకుంది. ఆ కుళ్లు వాసన ఎలా ఉంటుందో, ఇంటికొచ్చి సబ్బు పెట్టి ఎన్నిసార్లు కడుక్కున్నా ఎలా వదలదో మీ నియోజకవర్గంలో ఏ రైతునడిగినా చెబుతాడు.

చివరికి మేమే ఎకరానికి మూడు వందల చొప్పున చందాలు వేసుకుని పొక్లెయిన్ తెప్పించుకున్నాం. రెండు రోజుల పని. ఆ రెండు రోజుల పని మే నెలలో జరిగి ఉంటే నారు పోయేది కాదు.

తర్వాత విన్నాం, ఆ ముక్కలో డెక్క తీసినట్టు కాగితాల్లో పని ఉందని. నిజమో కాదో నాకు తెలీదు. చూడ్డానికి కాగితం ఇమ్మని ఒక ఆఫీసుకి వెళ్తే నాయకుణ్ణి అడగమన్నారు. ఒక నాయకుడి ఇంటికి వెళ్తే ఆఫీసులో అడగమన్నారు. ఇలా మూడుసార్లు తిరిగాను. పూర్వం కూడా తిప్పేవాళ్లే. కాకపోతే పూర్వం మాకు ఇంకో గుమ్మం ఉండేది.

గెలిచినాయన పలక్కపోతే ఓడినాయన దగ్గరికి వెళ్లేవాళ్లం. ఆయనకి అంతకన్నా కావల్సిందేముంది? మర్నాడే పది మందిని వేసుకుని వచ్చేవాడు. పంచె ఎగ్గట్టి మోకాలి లోతు డ్రెయిన్‌లో దిగి, డెక్క చేత్తో పట్టుకుని ఫొటో దిగేవాడు. అది పేపర్లో జిల్లా పేజీలో వచ్చేది. రెండో రోజు గెలిచినాయన మనిషి వచ్చి చూసేవాడు, మూడో రోజు పొక్లెయిన్ దిగేది. ఆయన ఫొటో కోసం దిగాడా, మా కోసం దిగాడా అన్నది మాకు అనవసరం. మా నీళ్లు కదిలేవి.

ఇప్పుడు మూడు జెండాలూ ఒకే కర్రకి కట్టారు. మా ఊళ్లో సైకిలు వాళ్లని అడిగితే గ్లాసు వాళ్లు నొచ్చుకుంటారు, గ్లాసు వాళ్లని అడిగితే సైకిలు వాళ్లు నొచ్చుకుంటారు, చివరికి ఇద్దరూ కలిసి మనలో మనకెందుకు అంటారు. ఓడిన పార్టీ వాళ్లు ఫోన్ ఎత్తరు. రాష్ట్రంలో దాదాపు 39 శాతం ఓట్లు పడినా వాళ్లకి సీట్లు పదకొండే. పదో వంతు అంటే 18 ఉంటేగానీ ప్రతిపక్ష హోదా లేదని మీరన్నారు, హోదా ఇవ్వకపోతే సభకి రామని వాళ్లన్నారు. హోదా సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. ఓట్లేయించుకుని సభకి వెళ్లకపోవడం మాత్రం నాకు నచ్చలేదు. వాళ్లకీ విడిగా ఒక ఉత్తరం రాయాలి, కానీ చదివేవాళ్లెవరో తెలీడం లేదు. మా రెండు జిల్లాలకి ఆ పదకొండు మందిలో ఒక్కడు కూడా లేడు.

నీటి సంఘాలకి 2024 డిసెంబరు 14న ఎన్నికలు పెట్టారు. మంచి పనే, ఎన్నాళ్లుగానో ఆగిపోయినవి. మా సంఘంలో రాత్రికి రాత్రి మాట్లాడుకుని ఏకగ్రీవం చేశారు. ఖర్చు లేదు, గొడవ లేదు, అధ్యక్షుడు మంచివాడే, నాకు వరసకి బావమరిది అవుతాడు. కానీ "బావా, డెక్క ఎందుకు తీయించలేదు" అని నేను అడిగితే అది ఇంట్లో మాట. అతని మీద నిలబడి పది ఓట్ల తేడాతో ఓడినవాడు అడిగితే అది సంఘం మాట. ఓడినవాడు అనే మనిషే లేకుండా చేసుకున్నాం.

డ్రెయిన్ అంటే చిన్నమాటగా తీసుకోకండి. డెల్టా అంటే అందరూ కాలువే చెబుతారు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయింది, పది లక్షల ఎకరాలకి నీళ్లొచ్చాయి, కాటన్ దొర విగ్రహం లేని ఊరు మన దగ్గర తక్కువ. కానీ వచ్చిన నీరు పోవాలి కదండీ. ఇది పళ్లెంలాంటి నేల. వాలు అంతంత మాత్రం. యనమదుర్రు, గోస్తనీ, నక్కల డ్రెయిన్, కింద ఉప్పుటేరు, ఇవన్నీ తెరిచి ఉంటేనే పైన కురిసిన వాన సముద్రంలోకి దిగేది. సముద్రం పోటు మీద ఉంటే నీరు వెనక్కి తంతుంది. పోటు తగ్గిన ఆ కొద్ది గంటల్లోనే గబగబా లాగేయాలి. ఆ గంటల్లో డెక్క అడ్డం పడితే ఇంకో పోటు దాకా మా చేను మునిగే ఉంటుంది. దానికి తోడు చేపల చెరువుల గట్లు డ్రెయిన్‌లోకి జరుగుతూ వస్తున్నాయి. నేను చెరువులకి వ్యతిరేకిని కాదు, మా అల్లుడికి ఉంది ఒకటి. గట్టు జరిపే సంగతి మాత్రం అతనికి ముఖం మీదే చెప్పాను.

ఈ సంగతి ప్రభుత్వాలకి తెలియంది కాదు. 1960ల్లోనే డ్రెయిన్ల సంగతి చూడ్డానికి మిత్రా కమిటీ వేశారు. కృష్ణా, గోదావరి డెల్టా రైతుల దగ్గర డ్రెయిన్ల కోసమని వసూలు చేయడానికి 1968లో సెస్సు చట్టమే తెచ్చారు. తర్వాత డెల్టా ఆధునికీకరణ అన్నారు, శంకుస్థాపనలు చేశారు, సగం పనుల్లో కాంట్రాక్టర్లు వెళ్లిపోయారు. కోనసీమలో 2011లో తొలి పంట సార్వా మానేసి క్రాప్ హాలిడే అన్నారంటే అందులో ముంపు బాధ కూడా ఉంది. 2022లో మళ్లీ అదే మాట వినపడింది. పోలవరం పెద్ద పని, మొదటి పేజీ పని, మీరు దాని మీద తిరగడం న్యాయమే. డ్రెయిన్ లోపలి పేజీలో కూడా రాదు.

నేను అడిగేది డబ్బు కాదు. అదీ కావాలనుకోండి, కానీ ముందు అడిగే దారి కావాలి. ప్రతిపక్షాన్ని మీరు పుట్టించలేరు. దాని పని కొంత మీరే చేయొచ్చు. ఈ 34 మందిలో రంపచోడవరం, పోలవరం వాళ్లకి నిర్వాసితుల గోడు వేరే ఉంది, వాళ్లని పక్కన పెడదాం. మిగిలిన డెల్టా ఎమ్మెల్యేల్లో ఎవరో ఒకరు వచ్చే సమావేశాల్లో డ్రెయిన్ల మీద ప్రశ్న వేయాలి. ఏ డ్రెయిన్‌లో ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా పని చేశారు, ఎవరు చేశారు, ఎప్పుడు, ఎంత బిల్లు. మంత్రిగా మీరు జవాబివ్వాలి. మీ పార్టీ ఎమ్మెల్యే మిమ్మల్ని అడిగితే మీకు తక్కువ కాదండి. అడిగిన ఎమ్మెల్యేని ఎవరూ పక్కకి పిలిచి మందలించకుండా చూస్తే చాలు.

ఆ జవాబులో ఉన్నదే ఒక రేకు బోర్డు మీద రాయించి వంతెన దగ్గర పాతించండి. పని కాకముందు ఒక ఫొటో, అయ్యాక ఒక ఫొటో పంచాయతీలో అంటించమనండి. ఫొటోలో పక్కనున్న కొబ్బరిచెట్టు చూసి అది మా డ్రెయినో కాదో మా మేనత్త కూడా చెప్పేస్తుంది.

కాలువలు కట్టేసే ఏప్రిల్లో మీరు మా వైపు ఒక్క పూట రావాలి. సభ వద్దు, టెంట్ వద్దు, దండలు వద్దు. డ్రెయిన్ గట్టు మీద రెండు కిలోమీటర్లు నడిస్తే చాలు. ఆ రోజు సైకిలు వాళ్లనీ, గ్లాసు వాళ్లనీ, ఫ్యాను వాళ్లనీ, ఏ గుర్తూ లేని నాలాంటి వాళ్లనీ రమ్మనండి. ఎవరికి ఓటేశావని అడగొద్దు. నేనెవరికేశానో మా ఇంటావిడకే తెలీదు.

మా పుంత రోడ్డులో కారు చివరిదాకా రాదు. సైకిలైతే వస్తుంది.

ఇట్లు,
పశ్చిమ డెల్టా శివారు కౌలు రైతు